కార్పెట్ మీద కుడికాలి అచ్చు

"ఇవాళ ఎవరొచ్చారు?"

పదకొండేళ్ళుగా మా ఆయన ఇంటికొస్తూనే అడిగే మొదటి మాట ఇది. గుమ్మం బయట బూట్లు విప్పుతూ అడుగుతాడు. అడిగేది నన్నే అయినా చూసేది నన్ను కాదు, ముందుగదిలో పరిచిన కార్పెట్‌ని. "ఎవరూ రాలేదండీ" అంటాను. ఆయన ఇంకో నాలుగు క్షణాలు కార్పెట్‌ని చూస్తాడు. అది చెప్పిందీ నేను చెప్పిందీ ఒకటే అయితే లోపల అడుగుపెడతాడు.

ఆ గురువారం కార్పెట్ వేరే మాట చెప్పింది.

ముందు దాని సంగతి చెప్పాలి. మీగడరంగు ఊలు కార్పెట్. పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. మా మామగారు పెళ్ళయిన కొత్తలో కొన్నారట, అంటే దాని వయసు నలభై పైమాటే. దాని చుట్టూ గోడల వెంబడి జానెడున్నర నేల మిగులుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు నడవాల్సింది ఆ జానెడున్నరలోనే. ఎందుకంటే వాక్యూమ్ నడిపినప్పుడు కార్పెట్ నూగు ఒకసారి అటు, ఒకసారి ఇటు వాలి, ఒక పట్టీ వెలుగుగా, పక్క పట్టీ నీడగా గీతలు పడతాయి. సరిగ్గా పదకొండు గీతలు. మామగారి కాలం నుంచీ ఇంటి కట్టడి ఒకటే: మగవాడు ఇల్లు చేరేదాకా ఆ గీతలు చెదరకూడదు. వాటి మీద మొదటి అడుగు ఆయనదే. పిల్లి నడిచినా ఆ నూగు మీద తెలిసిపోతుంది, మనిషి సంగతి చెప్పక్కర్లేదు. మామగారు దీన్ని శుభ్రత అనేవారట. మా ఆయన పద్ధతి అంటాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలో చాదస్తం అనుకున్నాను. అది కాపలా అని అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ కాపలాదారుకి రోజూ ఒళ్ళు తోమి, తల దువ్వి, నా మీదికి నేనే ఉసిగొల్పుకుంటున్నానని అర్థం కావడానికి ఇంకో ఏడాది.

తల దువ్వడం ఉత్తమాట కాదు. కార్పెట్ రెండు చివర్లా కుచ్చులుంటాయి. వాటిని దువ్వెనతో దువ్వి, ఒక్కొక్క పోగూ పక్కపోగుతో సమంగా ఉండేలా సర్దాలి. నా జుట్టు దువ్వుకోవడానికి తీరిక దొరకని రోజులు లెక్కలేనన్ని ఉన్నాయి. కార్పెట్ జుట్టు దువ్వని రోజు ఒక్కటీ లేదు. టీపాయ్ కాళ్ళ కింద పడ్డ గుంటల్లో ఐసుముక్కలు పెట్టి, అవి కరిగాక వేళ్ళతో నూగు పైకి లేపాలి. టీ ఒలికితే రుద్దకూడదు. తెల్లగుడ్డ పెట్టి, మరక అంచు నుంచి మధ్యకు అద్దుకుంటూ రావాలి. ముఖమల్ సోఫాకు దూరం నుంచి ఆవిరి పట్టి, ఆరకముందే మెత్తటి బ్రష్‌తో ఒకే వైపు దువ్వాలి. కూర్చున్న గుర్తు కనపడితే ఎవరు కూర్చున్నారని అడుగుతాడు. ఇదంతా అయ్యాక కిటికీ మూల మొదలుపెట్టి, నా అడుగులు నేనే చెరుపుకుంటూ వంటగది గుమ్మం దాకా వెనక్కి నడవాలి. పదకొండేళ్ళుగా ఆ గదిలో నేను ముందుకు నడిచింది తక్కువ.

"నీకేం పని? బటన్ నొక్కితే మిషనే తుడుస్తుంది. నువ్వు దాన్ని పట్టుకుని నడుస్తావు, అంతేగా" అన్నాడు ఒకసారి, స్నేహితుల ముందు. వాళ్ళు నవ్వారు. అలా నవ్వుతూనే ఒకతను సోఫా మీద టీ ఒలకబోశాడు. నేను తెల్లగుడ్డ తెచ్చాను.

నాలుగో ఏడు నాకు మూడో నెల. ఒక ఉదయం గీతలు గీస్తూ ఆ కార్పెట్ మీదే కూలబడ్డాను. ఆసుపత్రి నుంచి రెండురోజులకు ఇంటికొచ్చాను, కడుపు ఖాళీ చేసుకుని. మరక అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, నా పని కదా. మా అత్తయ్య తన చెక్క కుర్చీలో కూర్చుని, "వేణ్ణీళ్ళు పొయ్యకమ్మాయ్, రక్తం పట్టేస్తుంది. చన్నీళ్ళు" అంది. ఆ సాయంత్రం మా ఆయన గుమ్మంలో నిలబడి అడిగాడు. "పోయిందా?"

మరక గురించి అడిగాడు. పోయిందన్నాను.

ఇక అసలు కథ. ఆ గురువారానికి రెండువారాల ముందు సోఫా స్ప్రింగు తెగింది. బాగుచేయడానికి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మేకులు పెదాల మధ్య పెట్టుకుని, వాటి సందులోంచి మాట్లాడుతుంది. సోఫా అడుగుభాగం విప్పబోతూ ఆగి, ముఖమల్ మీద అరచెయ్యి రాసింది.

"ఎన్నేళ్ళయింది ఈ బట్ట వేసి?"

"పద్నాలుగు."

"దీనికి ఆవిరి ఎవరు పడతారు?"

"నేనేనండీ."

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"ఇక్కడే."

ఆవిడ పెదాల మధ్య నుంచి మేకులు తీసేసింది. "నా షాపులో ముగ్గురున్నారమ్మా. ముగ్గురూ కలిసి నెలకో ముఖమల్ తగలేస్తారు. ఒక సభామందిరం వాళ్ళు రెండొందల నలభై కుర్చీలు ఇచ్చారు, అన్నీ ముఖమలే. నువ్వు వచ్చేయ్. గురువారం రెండింటికి నీ వీధి చివర నా వ్యాన్ ఆగుతుంది. పది నిమిషాలు చూస్తా. రాకపోతే తప్పుపట్టను, ఇంకొకళ్ళని చూసుకుంటా." వెళ్తూ వెళ్తూ ఒక జత రబ్బరు అడుగుల బూట్లు పంపిస్తానంది. కడిగే చోట నేలంతా తడిగా ఉంటుందట. పంపింది. వాటిని వంటగదిలో బకెట్ల వెనక పెట్టుకుని, గిన్నెలు తోముతూ చూసుకునేదాన్ని.

మా ఆయనతో చెప్పాను. ఆయన ఉద్యోగం గోదాముల తనిఖీ. ఎక్కడ ఏ బస్తా జరిగిందో దుమ్ము చూసి చెప్పేస్తాడని ఆఫీసులో గొప్ప పేరు. అన్నం కలుపుతూ విన్నాడు.

"బయటివాళ్ళ మురికి కడగడానికి వెళ్తావా? మనింట్లో మురికి చాలలేదా?"

"మనింట్లో మురికే లేదు కదండీ. మీరే అందరికీ చెప్తుంటారు."

చెయ్యి ఆగింది. "చూద్దాం. గురువారం మధ్యాహ్నం భోజనానికి వస్తాగా, అప్పుడు చెప్తా" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే వద్దని అర్థం. కానీ పదకొండేళ్ళలో మొదటిసారి దానికొక వారం, వేళ పెట్టాడు. నేను దాన్నే పట్టుకుని వేలాడాను.

అత్తయ్య మాత్రం చూద్దాం అనలేదు. "వెళ్ళు తల్లీ, వెళ్ళు. నేను కింద పడితే ఆ సోఫాలే వచ్చి లేపుతాయి" అంది. మర్నాడు ఇంకోటి. "మన ఇంటి కోడలు ఊళ్ళోవాళ్ళ పిరుదుల ముద్రలు తుడుస్తుందట. వినడానికి ఎంత బావుందో!" ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వంటగది గుమ్మం పక్కన చెక్క కుర్చీ, చేతిలో వంకీ ఉన్న చేతికర్ర. ఆ కుర్చీ నాలుగు కాళ్ళూ కూడా జానెడున్నర నేల మీదే ఉంటాయి.

గురువారం పదకొండింటికల్లా గీతలు గీసేశాను. సోఫా దిండ్ల గలీబులు ఉతికి, ఆరేయడానికి మేడమీదికి వెళ్ళాను. ఒక ముప్పావుగంట. దిగొచ్చాక తిన్నగా వంటగదిలోకి పోయాను. కార్పెట్ వైపు చూడలేదు. ఎందుకు చూస్తాను? గీసింది నేనే కదా. దాని వైపు చూడనిది ఆ రోజు ఒక్కటే.

ఒకటిన్నరకు మా ఆయన వచ్చాడు.

"ఇవాళ ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

నాలుగు క్షణాలు దాటాయి. పది దాటాయి. ఒక కాలి బూటు విప్పి, రెండో బూటు లేసు మీద చెయ్యి పెట్టినవాడు అలాగే లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ చెప్పు."

నేను వంటగది గుమ్మంలోకి వచ్చాను. అప్పుడు చూశాను. పదకొండు గీతల్లో నాలుగో గీత మీద ఒక అడుగు. కుడికాలి బూటు అచ్చు. మగవాడి బూటు. దాని మొన మా పడకగది వైపు తిరిగి ఉంది. చుట్టూ ఇంకెక్కడా ఏమీ లేదు. వచ్చిన అడుగు లేదు, పోయిన అడుగు లేదు.

ఆయన గోడ వెంబడి, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో టకటకమని నడిచి వాళ్ళమ్మ కుర్చీ పక్కకు వచ్చాడు. "తొమ్మిదో నంబరు బూటు. నాది ఏడు" అన్నాడు మెల్లగా. ఆయన గొంతు పెంచడు. గోదాముల్లో కూడా పెంచడట. ఎదుటివాడు తనంతట తానే ఒప్పేసుకుంటాడట.

"ఒక్కటే ఉందేంటండీ? మనిషి ఎగిరొచ్చాడా?"

"మిగతావి తుడిచేశావ్. ఇదొక్కటీ మర్చిపోయావ్. దొంగలందరూ ఇలాగే దొరుకుతారు. తొంభైతొమ్మిది తుడుస్తారు, నూరోది మర్చిపోతారు."

లెక్క సరిపోయింది. ఆ ఇంట్లో కార్పెట్ మీద అడుగులు చెరపడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నేను న్యాయమూర్తినైతే నాకు నేనే శిక్ష వేసుకునేదాన్ని.

"అమ్మా, నువ్వేమైనా విన్నావా?"

"నేను మందేసుకుని పడుకున్నాన్రా. నేనేం చూడలేదు." అత్తయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుంది. "ఏదో చప్పుడైతే అయింది. తలుపు చప్పుడే అనుకుంటా. పోనీలే, నా నోటితో నేనెందుకు చెప్పాలి, కాపురాలు కూలిపోతే పాపం నాకెందుకు?"

"ఇందుకా ఉద్యోగం?" అన్నాడాయన నాతో. "సోఫాలట, కుర్చీలట. వ్యాన్ నడిపేది ఎవడు?"

కార్పెట్ మీదికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. గీతలు ఎలాగూ చెడ్డాయి. ఆయన ఏదో అనబోయి ఆగిపోయాడు, బహుశా నేను కాళ్ళు పట్టుకోబోతున్నానని అనుకుని ఉంటాడు.

ఆయన ఆ కార్పెట్‌ని పదకొండేళ్ళుగా చదివాడు. నిలబడి చదివాడు. ఆయన మోకాళ్ళు దానికి ఎప్పుడూ తగల్లేదు. నేను దాన్ని వేళ్ళతో చదివినదాన్ని. మనిషి నిలబడితే మడమ దగ్గర నూగు అణిగిపోతుంది, బొటనవేలి మొదట్లో అణుగుతుంది, మధ్యలో అరికాలి వంపు దగ్గర లేచే ఉంటుంది. ఇక్కడ తిరగబడి ఉంది. మడమ దగ్గర నూగు ఊరికే వాలింది, ఊదితే లేచేలా ఉంది. సరిగ్గా నడిమధ్య మాత్రం రూపాయి బిళ్ళంత గుండ్రటి గుంట. అంటే ఈ బూటులో కాలు లేదు. ఖాళీ బూటు లోపలికి ఎవరో ఏదో దూర్చి, నడిమధ్య అదిమారు. అచ్చులో మడమ బయటి అంచు అరిగి ఉంది, నెలవంక కొరికినట్టు. ఆ అరుగుదల నాకు తెలుసు. పదకొండేళ్ళుగా ఏడాదికోసారి పాలిష్ పెడుతున్నాను దానికి. పోయిన మనిషి బూట్లు పాలిష్ చెయ్యడమేంటని మొదటిసారి అడిగితే, ఆయన లేరని దుమ్ము పట్టనిస్తామా అన్నారు తల్లీకొడుకులిద్దరూ. అచ్చు నుంచి అంచు దాకా, వంగి చూస్తేగానీ కనపడని ఒక సన్నటి చార. బూటును వెనక్కి లాక్కున్న జాడ. మూడడుగుల దూరం. అంటే ఒక చెక్క కుర్చీలోంచి ముందుకు వంగిన మనిషి చెయ్యి, దాని చివర ఒక చేతికర్ర.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి కార్పెట్ దులపడం రాదు కాబట్టి.

లేచాను. అత్తయ్య గదిలోకి వెళ్ళి, మంచం కింద నుంచి అట్టపెట్టె లాగాను. "ఏయ్, నా గదిలో ఏం పని నీకు?" అని ఆవిడ కుర్చీలోంచి అరిచింది. కుడికాలి బూటు తిరగేశాను. అడుగున, మేకుల సందుల్లో, మీగడరంగు ఊలు నూగు. తెచ్చి అచ్చు మీద పెట్టాను. పెట్టెకు మూత పెట్టినట్టు సరిపోయింది.

"ఎవరొచ్చారని అడిగారుగా" అన్నాను. "మీ నాన్నగారొచ్చారు."

అత్తయ్య చేతికర్రను మెల్లగా తన వైపు లాక్కోబోయింది. నేను దాన్ని పట్టుకుని కొన పైకెత్తాను. రబ్బరు తొడుగు చుట్టూ అదే నూగు, బొంత పురుగులా.

ఒక్క సంగతి నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఆవిడ గోడ పట్టుకుని పది అడుగులు వెయ్యగలదు. రోజూ వేస్తుంది. ఆ బూటు తీసుకుని నిజంగానే ఐదారు అచ్చులు వేసి ఉంటే నా పని అయిపోయేది. ఏ వేళ్ళతో తడిమినా నాకు దారి దొరికేది కాదు. కానీ వెయ్యలేదు. నా మీద అపనింద వెయ్యడానికి సిద్ధపడింది గానీ కార్పెట్ తొక్కడానికి సిద్ధపడలేకపోయింది. నలభై ఏళ్ళ అలవాటు. అబద్ధం చెప్పడానికి కూడా జానెడున్నర దాటలేదు.

"అమ్మా?" అన్నాడు మా ఆయన.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వైపు తిరిగి, పళ్ళ మధ్య నుంచి అంది: "ఈ గీతలు నువ్వొక్కదానివే గీశావనుకుంటున్నావా? ముప్ఫయ్యేళ్ళు గీశాను నేను. మిషను లేని రోజుల్లో బ్రష్‌తో, మోకాళ్ళ మీద. ఈ మోకాళ్ళు ఊరికే పోయాయనుకున్నావా? నన్నెవరు పంపారే బయటికి? నన్ను పిలవడానికి ఏ వ్యాన్ వచ్చింది?"

ఆ మాట నిజమే. అయినా జాలి రాలేదు. ఎవరో తన కాళ్ళు విరిచారని పక్కవాళ్ళ కాళ్ళు విరవబోయిన మనిషిని చూసి ఏమనుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు.

మా ఆయన నవ్వాడు.

నిజంగానే నవ్వాడు. బరువు దిగిపోయిన నవ్వు. "నువ్వు కూడా నాన్న బూటుతో... అమ్మా, అమ్మా!" అని తల ఊపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సరేలే, అయిపోయిందిగా. ఆ బూటు సంగతేదో ముందే చెప్తే ఇంత రాద్ధాంతం ఉండేదా? పెద్దావిడ, ఏదో భయపడింది. అచ్చు చెరిపేసి, గీతలు సరిచేసి భోజనం పెట్టు. మళ్ళీ ఆఫీసుకెళ్ళాలి." రెండో బూటు ఇంకా కాలికే ఉందని అప్పుడు గుర్తొచ్చినట్టు కిందికి చూసుకుని, మళ్ళీ తలెత్తాడు. "అన్నట్టు, ఆ సోఫాల ఉద్యోగం వద్దులే. నీ మీద నమ్మకం లేక కాదు. చూశావుగా, ఇంకా వెళ్ళకముందే ఇంట్లో ఇంత గొడవ."

గోడ గడియారం రెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

నేను గెలిచాను. సాక్ష్యం నాది, వాదన నాది, దొంగ దొరికింది. నిర్దోషినని తేలింది. శిక్ష మాత్రం అదే. క్షమించమనడానికి అక్కడెవరికీ నోరు లేదు. రేపు మళ్ళీ ఒకటిన్నరకో ఆరింటికో ఇదే కోర్టు, ఇదే గుమ్మం, ఇదే ప్రశ్న. రేపు కాకపోతే ఇంకో ఏడాదికి ఇంకో అచ్చు పడుతుంది. అప్పుడు నూగు నా వైపు సాక్ష్యం చెప్తుందో లేదో. చెప్పినా ఏమవుతుంది? పదకొండేళ్ళుగా ఎవరూ రాలేదండీ అని చెప్తూనే ఉన్నాను. అదే నిజం. ఆ ఇంటికి ఎవరూ రాలేదు. వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, నన్ను ఎవరూ లెక్కలో వెయ్యలేదు, ఎందుకంటే నా అడుగులు నేనే చెరుపుకుంటూ వెనక్కి నడిచాను. అంత చక్కగా, అంత శ్రద్ధగా, ఒక్క పోగు కూడా మిగలకుండా.

వంటగదిలోకి వెళ్ళాను. ఆయన భోజనం కోసం అనుకుని, గోడ వెంబడి కిటికీ మూలకు వెళ్ళి నిలబడ్డాడు. బకెట్ల వెనక నుంచి రబ్బరు బూట్లు తీసి తొడుక్కున్నాను. కొత్తవి, అడుగున లోతైన వంకర గీతలున్నవి. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. అత్తయ్య ముందు నా కాళ్ళు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"ఏంటది?" అన్నాడు మా ఆయన. "ఇప్పుడెక్కడికి? గడప దాటావంటే..."

"గడప దాకా పోవాలంటే ముందు దీన్ని దాటాలిగా" అన్నాను.

కుడికాలు కార్పెట్ మీద పెట్టాను. నూగులోకి మడమ మెత్తగా దిగింది.

ఆయన అరిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతెత్తి అరిచాడు. నా పేరు కాదు. "కార్పెట్!" అని అరిచాడు.

ఎడమకాలు పెట్టాను. నాలుగంగల్లో వచ్చి నా రెక్క పట్టుకోగలడు. కానీ ఆయన ఒక కాలికి బూటుంది. బూటుకాలితో ఆ కార్పెట్ తొక్కడం ఆయన వల్ల కాదు, వాళ్ళ నాన్న పెంపకం. లేసు విప్పడానికి వంగాడు. కంగారులో ముడి బిగుసుకుపోయింది. "అమ్మా, ఆపు దాన్ని" అన్నాడు. అత్తయ్య కర్ర చాచింది. చాచిన కర్ర నా పిక్క దాకా వచ్చి, ఎందుకో గాలిలోనే ఆగిపోయింది.

మామగారి బూటును పక్కకు తన్నలేదు. దాని పక్క నుంచే నడిచాను. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను, నేను చేసిన పని ఎలా వచ్చిందో చూసుకోవడం నాకు అలవాటు. పదకొండు గీతల్నీ అడ్డంగా కోసుకుంటూ వంటగది నుంచి వీధి తలుపు దాకా నా అడుగులు, ఒక్కొక్క వంకర గీతా అచ్చుగుద్దినట్టు. ఆయన ఇంకా లేసుతో కుస్తీ పడుతూనే, తల మాత్రం ఎత్తి వాటిని చూస్తున్నాడు. చూడనీ.

అన్ని అడుగులూ ఒకే వైపు ఉన్నాయి. ఆయనకు చదవడం వచ్చు.